నష్టపోతున్నవారు: ఎవరో తెలియదు

మన దేశంలో నేరం చేసినవాడు తప్పించుకోవచ్చు గానీ, ఫిర్యాదు చేసినవాడు తప్పించుకున్న దాఖలా ఇంతవరకూ ఎక్కడా లేదు. ఈ సత్యం తెలిసిన పెద్దలు ఇల్లు కాలుతుంటే నీళ్ళు పోసుకుంటారే తప్ప కాగితం పెట్టరు. మా పాతపట్నంలో పార్సెల్ ఆఫీసు నడిపే నారాయణమూర్తి గారికి యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా ఈ సత్యం తెలియలేదు. 2016 జూన్ నెలలో ఒక బుధవారం ఉదయం, తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, తన ఇంటర్నెట్ నెమ్మదిగా నడుస్తోందని ఆయన స్వహస్తాలతో ఫిర్యాదు రాసిచ్చారు.

ఇక్కడొక చిన్న సవరణ. నెమ్మదిగా నడుస్తున్నది ఆయన ఇంటర్నెట్ కాదు, ఆయన ఇంటర్నెట్ మీదుగా వెళ్ళే ఇతరులది. ఆ ఇతరులెవరో ఆయనకి తెలియదు. కష్టాలన్నీ ఈ చివరి వాక్యంలోంచే పుట్టాయి కనక కొంచెం వివరంగా చెప్పాలి.

ఇంటర్నెట్‌లో ఒక ఏర్పాటు ఉంది. తానెవరో బయటపడకుండా ఏదైనా చదవాలనుకున్నవాడు, రాయాలనుకున్నవాడు తన సమాచారాన్ని మూడు కంప్యూటర్ల మీదుగా పంపుతాడు. మొదటి కంప్యూటరుకి ఎవరు పంపారో తెలుసు, ఎక్కడికో తెలియదు. చివరిదానికి ఎక్కడికో తెలుసు, ఎవరో తెలియదు. మధ్యదానికి రెండూ తెలియవు. వీటిని రిలేలంటారు. ప్రపంచం మీద కొన్ని వేలమంది వీటిని జీతం భత్యం లేకుండా స్వచ్ఛందంగా నడుపుతున్నారు. (జీతం లేకుండా పని చేసేవాళ్ళున్నారంటే మా ఊరి ఆఫీసుల్లో ఎవరూ నమ్మలేదు. జీతం తీసుకుని పని చేసేవాళ్ళున్నారన్నా నమ్మేవారు కాదేమో.)

నారాయణమూర్తి గారిది మధ్య రిలే.

ముప్ఫయ్యేళ్ళుగా పలాస జీడిపప్పు డబ్బాలూ, గోగునార కట్టలూ, పెళ్ళివారి బిందెలూ ఇటునుంచి అటు దాటించిన మనిషికి ఈ పద్ధతి వేరే ఎవరూ నేర్పనక్కరలేదు. వచ్చింది తీసుకోవాలి, విప్పి చూడకూడదు, ముందుకి పంపాలి. తేడా అల్లా ఒకటే. పార్సెల్ ఆఫీసులో రిజిస్టరు ఉంటుంది.

ఆ రిజిస్టరుతో ఆయనకొక పాత బాధ ఉంది. పన్నెండేళ్ళ కిందట గౌరి అనే ఆవిడ ఆయన దగ్గర ఒక కుట్టు మిషను బరంపురానికి బుక్ చేసింది. పక్క పల్లెలో రైతుల ఇంటి కోడలు. మొగుడు కొడతాడని అందరికీ తెలుసు. మిషను వెళ్ళిన మర్నాడు ఆమె కూడా వెళ్ళిపోయింది. మూడో రోజు మొగుడు వచ్చి, చాలా మర్యాదగా, మిషను ఏ అడ్రసుకి వెళ్ళిందని అడిగాడు. నారాయణమూర్తి గారు రిజిస్టరు అతనివైపు తిప్పి చూపించారు. అడిగినవాడికి రికార్డు చూపించడం తప్పని ఆయనకి అప్పటికెవరూ చెప్పలేదు. శనివారానికి గౌరి తిరిగొచ్చింది. సోమవారానికి మిషను తిరిగొచ్చింది. దాన్ని తీసుకెళ్ళడానికి ఆమే వచ్చింది. కుడి చేతికి కట్టు ఉండడం వల్ల ఎడమ చేత్తో సంతకం పెట్టింది. రెండు నెలల తరువాత ఆమె మళ్ళీ వెళ్ళిపోయింది. ఎక్కడికి వెళ్ళిందో ఎవరికీ తెలియలేదు. ఈసారి ఆమె ఏదీ పార్సెల్ చెయ్యలేదు.

అందుకని, ఒక ఆదివారం పేపర్లో రిలేల గురించి చదవగానే, రిజిస్టరు లేని పార్సెల్ ఆఫీసు ఈ లోకంలో ఒకటుందని ఆయనకి అర్థమైంది. నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగు నెలలు చదివారు. పాత కంప్యూటరు ఒకటి తెచ్చి ఆఫీసు వెనక గదిలో, కాటా పక్కన పెట్టారు. కళింగ దూరవాణి సేవా సంస్థ వారి కొత్త ఫైబర్ లైను వేయించారు. సెకనుకి పది మెగాబిట్లు వెళ్ళగలిగిన లైను. రిలే మొదలైంది. పదిహేను రోజులు గడిచినా దాని మీదుగా వెళ్ళింది సెకనుకి ఇరవై కిలోబైట్లు. అంటే జంట లారీలు పోయే హైవే మీద ఒక ముసలాయన సైకిలు నడిపించుకుంటూ పోతున్నట్టు.

ఆయనకి అన్నం సయించలేదు. మోడెం ఆపి వెలిగించారు. వైరు మార్చారు. కంప్యూటరు వేడెక్కుతోందేమోనని తన టేబుల్ ఫ్యాన్ దానివైపు తిప్పి, తాను చెమటలో కూర్చున్నారు. భార్య రాజకుమారి గారు రెండు వారాలు చూసి ఊరుకుని, మూడో వారం ఒక మాట అన్నారు.

“తెలిసినోళ్ళకి ఇంత సేసుంటే, ఈపాటికి సర్పంచ్ అయిపోయుందురు మీరు.”

ఆ బుధవారం నారాయణమూర్తి గారు రెండు పనులు చేశారు. రిలేలు నడిపేవాళ్ళు రాసుకునే ఇంటర్నెట్ వేదికలో తన కష్టం రాసి సలహా అడిగారు. తరువాత బస్టాండు వెనక ఉన్న దూరవాణి ఆఫీసుకి వెళ్ళి ఫిర్యాదు పెట్టారు. వేదికలో జవాబు రావడానికి పదహారు రోజులు పట్టింది. సంస్థవారు మర్నాడే కదిలారు. (సంస్థ చరిత్రలో ఇంత వేగం అదే మొదలు, అదే ఆఖరు.)

ఫిర్యాదు పత్రంలో పద్నాలుగు గడులున్నాయి. తొమ్మిదో గడి: “నెమ్మది వల్ల నష్టపోతున్నవారి పేర్లు, చిరునామాలు.” నారాయణమూర్తి గారు అబద్ధం రాయలేక “ఎవరో తెలియదు, తెలియకూడదు” అని రాశారు. గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివి ముద్ర వేశాడు. ఖాళీగా ఉన్న గడిని తిప్పి పంపే అధికారం అతనికుంది గానీ, నిండిన గడిని ప్రశ్నించే అధికారం లేదు.

మర్నాడు లైన్‌మన్ నూకయ్య వచ్చాడు. వైరు తీసి, తన పరికరం తగిలించి, రెండు నిమిషాలు చూసి, తేల్చేశాడు.

“లైను బానే ఉన్నాది బాబూ. పది రావాల, పదీ వస్తన్నాది. మావు సెయ్యడానికేటీ నేదు.”

ఇది నిజం. నిజం కాబట్టి రికార్డుకి పనికిరాలేదు. సంస్థ నియమావళి ముప్ఫై ఒకటో సూత్రం ప్రకారం, లోపం కనబడని ఫిర్యాదుని మూసెయ్యాలంటే నష్టపోతున్నవారు తమకి నష్టం లేదని ఒప్పుకుని సంతకం చెయ్యాలి. నష్టపోతున్నవారు తొమ్మిదో గడిలో ఉన్నారు. తొమ్మిదో గడిలో ఎవరో తెలియదు. కాబట్టి ఫిర్యాదుని ‘నిరంతర పరీక్షలో’ పెట్టారు. అంటే ప్రతి బుధవారం పది నుంచి పన్నెండు దాకా నూకయ్య వచ్చి, లైను ఊడదీసి, అది బాగానే ఉందని రాసుకుని, తిరిగి తగిలించి వెళ్ళాలి.

రెండు బుధవారాలయ్యాక వేదికలో జవాబు వచ్చింది. రాసినవారి పేరు స్థానంలో కొన్ని అంకెలున్నాయి. సారాంశం ఇది: మీ యంత్రంలో లోపమేమీ లేదు. కొత్త రిలేని నెట్‌వర్క్ వెంటనే నమ్మదు. కొద్దికొద్దిగా పంపి చూస్తుంది. డెబ్బై రోజులు ఆపకుండా నడిస్తే దానంతటదే పుంజుకుంటుంది. మధ్యలో మాటిమాటికీ ఆగితే నమ్మకం మళ్ళీ మొదటికొస్తుంది. దయచేసి ఏమీ చెయ్యకండి.

నారాయణమూర్తి గారు ఇది చదివి చాలాసేపు నవ్వుకున్నారు. పార్సెల్ వ్యాపారంలో కూడా కొత్త ఏజెంటుకి మొదటి రోజే గాజు సామాను ఎవరూ పంపరు. ఆ నవ్వు పూర్తయ్యాక లెక్క వేసుకున్నారు. కావలసింది డెబ్బై రోజులు. నూకయ్య వచ్చేది ఏడు రోజులకొకసారి. నెమ్మదిని నయం చెయ్యడానికి వస్తున్న వైద్యమే నెమ్మదికి కారణం. వెంటనే ఫిర్యాదు వెనక్కి తీసుకోవడానికి బయలుదేరారు.

దూరవాణి ఆఫీసుకి అధికారి నరసింగరావు గారు. విజయనగరం మనిషి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో గొంతు పెంచి మాట్లాడిందీ లేదు, ఒక్క ఫైలు మూసిందీ లేదు. ఆయన నారాయణమూర్తి గారిని కూర్చోబెట్టి, టీ తెప్పించి, అంతా ఓపికగా విన్నారు. ఎవరూ ముట్టుకోకపోతే అదే బాగవుతుందన్న దగ్గర మాత్రం టీ గ్లాసు కింద పెట్టేశారు.

“ముట్టుకోపోతే బాగవుతాదని ఫైల్లో రాసేననుకోండి. అలగయితే మీరంతా ఎందుకున్నారయ్యా అని పైవాళ్ళు అడుగుతారు గదండీ.”

పైగా ఫిర్యాదు నారాయణమూర్తి గారిది కాదని ఆయన సౌమ్యంగా వివరించారు. ఫిర్యాదు నష్టపోయేవాళ్ళది, తెచ్చి ఇచ్చినవాడు పోస్టుమాన్ లాంటివాడు. ఉత్తరాన్ని పోస్టుమాన్ వెనక్కి తీసుకోలేడు. వాళ్ళెవరో కనుక్కోవడం ఎవరి తరమూ కాదని నారాయణమూర్తి గారు మొత్తుకున్నారు. ఆ మాట కూడా నరసింగరావు గారు రాసుకుని శ్రీకాకుళంలో పై ఆఫీసుకి పంపారు. అయిదు వారాలకి, అంటే మరో అయిదు బుధవారాలు గడిచాక, జవాబు వచ్చింది. దాని ప్రకారం ఊరంతా గోడల మీద ఈ ప్రకటన అంటించారు:

“పాతపట్నం నారాయణమూర్తి గారి రిలేని ఉపయోగించుచున్న అజ్ఞాత వ్యక్తులందరూ ది. 8-8-2016 సోమవారం ఉదయం పది గంటలకు ఆధార్ కార్డు, రెండు ఫోటోలతో స్వయముగా హాజరు కావలెను. గైర్హాజరైనవారి అజ్ఞాతము రద్దు చేయబడును.”

మా ఊరివాళ్ళు ప్రకటనల్లో మొదటి వాక్యం చదవరు. ఆధార్ కార్డు, రెండు ఫోటోలు అన్నచోట చదవడం మొదలుపెడతారు. రద్దు అన్నచోట ఆపేస్తారు. సోమవారం తొమ్మిదింటికల్లా క్యూ బస్టాండు దాటింది. రేషన్ కార్డులో పేరు తప్పు పడినవాళ్ళూ, బోరుకి కరెంటు కోసం రెండేళ్ళుగా తిరుగుతున్న రైతులూ, దేనికో తెలియకపోయినా క్యూ అంటూ ఉంది కాబట్టి నిలబడ్డవాళ్ళూ వచ్చారు. ముందర నిలబడ్డది చిన్నతల్లి అనే డెబ్బయ్యేళ్ళ ముసలమ్మ. పొలం పనుల్లో ఆమె వేళ్ళ గీతలు అరిగిపోయాయి. అందుకని వేలిముద్ర పడక, ఆమె చిన్నతల్లి కాదని పెన్షన్ మిషను మూడు నెలలుగా చెబుతోంది. మీరు అజ్ఞాత వ్యక్తేనా అని నరసింగరావు గారు నియమం ప్రకారం అడిగారు.

“ఔ బాబూ,” అంది చిన్నతల్లి. “మూడు నెల్లయి నానెవుల్నో ఆలకి తెల్డం నేదు.”

వచ్చినవారిలో అర్హత ఉన్నది నిజానికి ఈవిడొక్కతే. కానీ ఒకరిని రాసుకుని మిగతావారిని పంపేస్తే వివక్ష అవుతుంది. సాయంత్రానికి రెండు వందల పన్నెండు మంది నమోదయ్యారు. ఫిర్యాదు వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకుంటారా అని ఒక్కొక్కరినీ అడిగారు. తమ గోడు కూర్చోబెట్టి విన్న ఆఫీసు ఇదొక్కటేననీ, చచ్చినా వెనక్కి తీసుకోమనీ అందరూ చెప్పారు.

మిగిలింది ధ్రువీకరణ. నారాయణమూర్తి గారిని పిలిచి, జాబితా ముందు పెట్టి, ఇందులో తన రిలే వాడేవాళ్ళెవరో గుర్తుపట్టి సంతకం చెయ్యమన్నారు. పది పేర్లు చూపించినా చాలన్నారు. ఆ పదిమందిని ఒప్పించి ఫిర్యాదు మూసేస్తాననీ, బుధవారాలు ఆగిపోతాయనీ నరసింగరావు గారు చెవిలో చెప్పినంత మెల్లగా చెప్పారు. అందులో మోసం లేదు. ఆ మనిషి నిజంగానే మేలు చెయ్యాలనుకున్నాడు. నారాయణమూర్తి గారికి ఆ జాబితాలో సగం మంది తెలుసు. ముప్ఫయ్యేళ్ళుగా వాళ్ళ మూటలు మోయించినవాడు. పెన్ను చేతిలోకి తీసుకున్నారు కూడా. కాసేపు జాబితా వైపు చూసి, దాన్ని అవతలివైపుకి తిప్పి, నెమ్మదిగా నరసింగరావు గారి ముందుకి తోసేశారు.

“నాకు తెలీదండి. ఒకపాలి తెలిసి సెప్పేను. అది సాలు నాకు.”

నరసింగరావు గారు ఈ వాక్యాన్ని ఉన్నదున్నట్టు రికార్డు చేశారు. తరువాత దాని కింద తన అభిప్రాయం రాశారు: “సదరు వ్యక్తులెవరో తనకు తెలియదని రిలే యజమాని స్వయముగా ధ్రువీకరించినందున, వీరందరూ అజ్ఞాతులేనని నిస్సందేహముగా రుజువైనది.”

వారం తిరిగేసరికి రెండు వందల పన్నెండు మందికీ కార్డులొచ్చాయి. ఫోటో, పేరు, తండ్రి లేక భర్త పేరు, ఇంటి నంబరు, రక్తం గ్రూపు. అడుగున ఎర్ర అక్షరాల్లో ‘అజ్ఞాత వ్యక్తి’. బయటికి వెళ్ళేటప్పుడు మెడలో కనబడేటట్టు వేసుకోవాలి. ఫిర్యాదు ఇప్పుడు సామూహిక ఫిర్యాదు కావడంతో పరీక్షలు బుధవారంతోబాటు శనివారం కూడా పెట్టారు. రిలే ఇరవై కిలోబైట్ల దగ్గరే పడి ఉంది. అజ్ఞాత వ్యక్తులను గుర్తించడంలో మన సబ్‌డివిజన్ ప్రథమ స్థానంలో నిలిచిందని సంస్థవారు ప్రకటించి, నరసింగరావు గారికి శాలువా కప్పారు. మిగతా సబ్‌డివిజన్‌లకి తలా రెండు వేల మంది అజ్ఞాతుల లక్ష్యం ఇచ్చారు. గరివిడిలో అంతమంది దొరక్క ఫ్యాక్టరీ గేటు దగ్గర షిఫ్టు దిగేవాళ్ళని ఆపి రాసుకున్నారని విన్నాను. (నేను చూడలేదు. చూశానని చెబితే నన్నూ రాసుకుంటారు.)

నవంబరులో నరసింగరావు గారికి ప్రమోషన్ మీద విశాఖపట్నం బదిలీ అయింది. వెళ్ళేముందు ఇంటి సామాను బుక్ చెయ్యడానికి ఆయన నారాయణమూర్తి గారి పార్సెల్ ఆఫీసుకే వచ్చారు. రెండు బీరువాలు, ఒక మంచం, తొమ్మిది అట్టపెట్టెలు. ఫిర్యాదు ఫైలు నాలుగు సంపుటాలూ ఆ అట్టపెట్టెల్లో ఒకదాంట్లో, పాత పత్రికల కింద, పొరపాటున కలిసిపోయి ఉన్నాయి. ఆ సంగతి నరసింగరావు గారికి తెలియదు. నారాయణమూర్తి గారు పార్సెల్ విప్పి చూసే మనిషి కాదు కాబట్టి ఆయనకీ తెలియలేదు. తన ఫైలు తానే తూకం వేసి, పెట్టె మీద తానే నంబరు రాసి, లారీ ఎక్కించారు.

ఆ బుధవారం నూకయ్య రాలేదు. శనివారమూ రాలేదు. మూడో వారం దారిలో కనబడితే, ఏం నూకయ్యా రావడం లేదని నారాయణమూర్తి గారు భయంభయంగా అడిగారు. ఫైలు కనబడడం లేదనీ, ఫైలు లేకపోతే ఆర్డరు రాదనీ, ఆర్డరు లేకుండా తాను వైరు ముట్టుకోననీ నూకయ్య చెప్పాడు.

మా ఊళ్ళో ఒక వస్తువుని ఎవరూ పట్టించుకోకపోతే ఏమవుతుందో మొదటిసారి అప్పుడే చూశాం. పదో రోజుకి ఇరవై కిలోబైట్లు యాభై అయ్యాయి. నెల తిరిగేసరికి రెండు వందలు. రోజూ పొద్దున్నే ఆఫీసు తెరవగానే నారాయణమూర్తి గారు ముందు వెనక గదిలోకి వెళ్ళి అంకె చూసుకుని, తరువాతే దేవుడికి అగరవత్తి వెలిగించేవారు. యాభయ్యో రోజుకి ఆరువందలు. డెబ్బయ్యో రోజున వెయ్యి దాటింది. కంప్యూటరు మీద చిన్న ఆకుపచ్చ దీపం తెరిపి లేకుండా మిణుకుమంటోంది. అలా దాటిపోతున్నవాటిలో ఏముందో ఆయనకి తెలియదు. సినిమా పాటలు కావచ్చు. అప్పడాలు చేసే పద్ధతి కావచ్చు. ఎక్కడో ఒకావిడ, ఇంట్లో ఎవరికీ తెలియకుండా, ఏదో ఊళ్ళో అద్దెకి గది దొరుకుతుందేమోనని వెతుక్కోవడం కావచ్చు. రాజకుమారి గారు టీ పట్టుకొచ్చి, ఆ దీపం వైపు కాసేపు చూసి, భర్త పక్కన స్టూలు మీద కూర్చున్నారు.

“ఎవరికో సేరతన్నాది గదా,” అన్నారు. “పోన్లెండి.”

పెళ్ళయిన ముప్ఫై రెండేళ్ళలో వాళ్ళిద్దరూ అలా పని లేకుండా పక్కపక్కన కూర్చోవడం అదే మొదటిసారని ఆయన తరువాత నాతో చెప్పారు.

డెబ్బై ఒకటో రోజు ఉదయం దీపం ఆరిపోయింది. వైరు చూశారు, మోడెం చూశారు. పదకొండింటికి పోస్టులో ఉత్తరం వచ్చింది: “గత డెబ్బై రోజులుగా తమ కనెక్షన్ నుండి ఎట్టి ఫిర్యాదూ అందలేదు. వాడుకలో నున్న కనెక్షన్ నుండి ఫిర్యాదు రాకుండుట అసంభవము. కావున సదరు కనెక్షన్ వాడుకలో లేదని నిర్ధారించి తొలగించడమైనది.”

ఆయన ఈసారి చొక్కా మార్చుకోకుండానే దూరవాణి ఆఫీసుకి వెళ్ళారు. నరసింగరావు గారి కుర్చీలో ఝాన్సీ గారని కొత్త అధికారిణి ఉన్నారు. ఈవిడా మంచి మనిషే. మధ్యాహ్నం భోజనం ఆపుకుని కంప్యూటర్లో అంతా వెతికారు. ఉత్తర్వులో తప్పేమీ లేదని తేలింది. అయితే లైను తీసేసినందుకు ఫిర్యాదు చేస్తానని నారాయణమూర్తి గారన్నారు. కనెక్షన్ ఉన్నవారి ఫిర్యాదులే తీసుకుంటామని ఆవిడ బాధగా చెప్పారు. పోనీ కొత్త కనెక్షన్ ఇప్పించమన్నారాయన. దానికి అభ్యంతరం లేదన్నారు. ఆయనే పత్రం నింపి ఇచ్చారు. ఆవిడే స్వయంగా ముద్ర వేసి, రసీదు ఇచ్చి, సంస్థ దగ్గర నమోదై ఇంకా లైను రానివారందరికీ వరస ప్రకారం ఇస్తున్నామనీ, ఆయన వంతు రెండు వందల పదమూడోదనీ చెప్పారు.

ముందున్న రెండు వందల పన్నెండు మందీ అజ్ఞాత వ్యక్తులు. వాళ్ళ పేర్లు, తండ్రుల పేర్లు, ఇంటి నంబర్లు ఆఫీసు వరండాలో నోటీసు బోర్డు మీద అంటించి ఉన్నాయి.